పాటకూ ప్రజకూ మధ్య తీగ

కళకూ సమాజానికీ గల సంబంధాన్ని గురించిన చర్చ మనకు కొత్తది కాదు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగిన నాటినుంచి అది సాగుతూనే ఉన్నది. కళ కళకోసమా, ప్రజలకోసమా అన్న ప్రశ్నకు మన సమాధానం మనం చెప్పుకొన్నాం. ఆ సమాధానంలో మార్చుకోవలసింది ఏమీ లేదనే నా అభిప్రాయం. అయితే ఒక విషయం మాత్రం ఆ చర్చలో తరచు వెనుకబడిపోయింది. కళ ప్రజల దగ్గరికి దేనిమీద ఎక్కి వెళుతుంది? అచ్చుయంత్రం, రేడియో, వెండితెర, టెలివిజన్, నేడు అరచేతిలోని ఫోను - ఇవి సరుకు మోసే బండ్లు మాత్రమేనా? లేక బండి ఎవరిదో తేలితే దారి ఎటుపోతుందో కూడా తేలిపోతుందా? ఈ ప్రశ్నను సిద్ధాంత గ్రంథాలలో కాక, నేను నివసించే చోట, నేను పాఠం చెప్పే తరగతిలో పెట్టి పరిశీలించాలని నా ప్రయత్నం.

నా కాపురం తార్నాకలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నాకు నడిచిపోయేంత దూరం. "తార్నాక" అన్న పేరుకు ఇక్కడి పెద్దలు ఒక అర్థం చెబుతారు. నిజాము కాలంలో ఇక్కడి తోట చుట్టూ ముళ్ళతీగ బిగించి, దారిలో ఒక కాపలా చౌకీ పెట్టారట. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఈ వ్యుత్పత్తి ఎంతవరకు నిలుస్తుందో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిందే గాని, ఉర్దూలో ఆ మొదటి మాటకు మరి రెండు అర్థాలు కూడా ఉన్నాయి. వాద్యంమీది తంత్రినీ తార్ అనే అంటారు. ఒకప్పుడు తపాలా ఆఫీసునుంచి వచ్చే టెలిగ్రామునూ తార్ అనే అన్నారు. పాట పలికే తీగ, వార్త మోసే తీగ, దారికి అడ్డుపడే తీగ - మూడూ ఒకే మాట. కళ, ప్రచార సాధనం, సమాజంలోని ఆస్తి సంబంధం అని మనం మూడు పెద్ద పేర్లతో విడదీసి చెప్పుకొనేదాన్ని, బస్సు కండక్టరు రోజూ ఒకే అరుపులో చెప్పేస్తున్నాడు.

1

కిందటి విద్యాసంవత్సరంలో జానపద సాహిత్యం పాఠం మొదలుపెట్టేటప్పుడు విద్యార్థులకు ఒక పని అప్పగించాను. మీ ఇంట్లోగాని, మీ ఊళ్ళోగాని ఎవరో ఒకరు పాడే పాట ఒకటి తీసుకొని రండి. ఎవరు పాడారు, ఏ పని చేస్తూ పాడారు అన్నది కూడా రాయండి, అని. పాటలు చాలా వచ్చాయి. వాటిలో అధికభాగం ఫోనులోనుంచి వచ్చాయి. పాడినవారి పేరు దగ్గర ఛానెలు పేరు ఉన్నది. పని దగ్గర ఖాళీ ఉన్నది.

నల్లగొండ వైపునుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక విద్యార్థి మాత్రం వాళ్ళ అవ్వ పాడిన నాట్ల పాటను తానే రికార్డు చేసి తెచ్చాడు. వెనుక బురదలో కాళ్ళ చప్పుడు, ఎవరో స్త్రీ నవ్వు, ఒక పాదం పాడగానే మిగతా ఆడవాళ్ళు అందుకొనే తీరు, అన్నీ వినబడుతున్నాయి. తరగతిలో అందరూ కదలకుండా విన్నారు. అప్పుడతను ఒక సంగతి చెప్పాడు. రెండేళ్ళ కిందట జానపద గీతాల ఛానెలు వారొకరు ఆ ఊరికి వచ్చి, ఆ ఆడవాళ్ళచేత నాలుగైదు పాటలు పాడించుకొని, మనిషికొక చీర పెట్టి పోయారు. కొన్నాళ్ళకు అందులో ఒక పాట కీబోర్డుతో, ప్యాడ్ల దరువుతో, పొలంగట్టుమీద వేరే అమ్మాయిల నాట్యంతో బయటకు వచ్చింది. లక్షలమంది చూశారు. రచన అన్నచోట ఛానెలు యజమాని పేరు ఉన్నది. పాడిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ అబ్బాయి తన అవ్వ గొంతును తన ఫోనునుంచి ఎక్కించాడు. వారం తిరగకముందే, ఈ పాటపై హక్కు మరొకరిదని నోటీసు వచ్చి, ఆ వీడియోలో శబ్దం ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, పాట వినబడదు.

"సార్, అవ్వ పాట అవ్వది గాకుంటె ఇంకెవ్వలది?" అని అడిగాడు.

సెలవులకు వెళ్ళినప్పుడు ఈ మాటే అవ్వను కూడా అడిగాడట. ఆమె నవ్వి, "పాటకు పట్టేదారు ఉంటడా బిడ్డా? నాటేసేటోళ్లందరిది" అన్నదట.

పాఠకులు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా నా మనవి. మనవడు ఆస్తి భాషలో మాట్లాడుతున్నాడు. అవ్వ ఉమ్మడి భాషలో మాట్లాడుతున్నది. ఇద్దరిదీ న్యాయమే. అయితే అవ్వ మాటలోని ఔదార్యమే యజమానికి తలుపు తెరిచింది. ఇంగ్లండులో పెట్టుబడికి పునాదులు పడిన కాలంలో గ్రామాల ఉమ్మడి భూములకు కంచెలు వేసుకొన్న చరిత్రను మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటంలో వివరంగా రాశాడు. అందరిదీ అయిన భూమిని ఎవరిదీ కాని భూమి అని చెప్పడం, ఎవరిదీ కాదు కాబట్టి నాది అనడం - ఆ పద్ధతి ఇంతే. నేలకు జరిగింది నేడు రాగానికి జరుగుతున్నది.

చట్టం ఏమంటుంది? మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అది రచయితను గుర్తిస్తుంది, సంగీతకర్తను గుర్తిస్తుంది, ధ్వనిముద్రణ చేసినవానికి 60 ఏళ్ళ హక్కు ఇస్తుంది. 1994 సవరణ ప్రదర్శకుని హక్కులకు చోటిచ్చింది. 2012 సవరణ సినిమాపాట రాసిన కవికీ, స్వరం కట్టిన వానికీ రాయల్టీ వాటాను వదులుకోలేని హక్కుగా చేసింది. అది మంచి మార్పు. కాని తరతరాలుగా ఒక సమూహం నోట పెరిగిన పాటను ఆ సమూహానికి చెందినదిగా గుర్తించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. న్యాయంగా చూస్తే ఆ ఛానెలుకు హక్కు ఉన్నది తన ముద్రణమీద మాత్రమే, పాతపాటమీద కాదు. ఈ తేడా చెప్పగల వకీలు దొరుకుతాడు. కాని నోటీసు పంపింది యంత్రం. యంత్రం దగ్గర వాదించడానికి అవ్వకు వకాల్తా లేదు.

2

సాధనాన్ని శత్రువుగా చూసే మిత్రులు మనలో కొందరు ఉన్నారు. తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతూ వారిలో ఒకరు, "ఈ యంత్రాలన్నీ పెట్టుబడివే, పాటను మళ్ళీ గొంతుకే అప్పగించాలి" అని నాతో వాదించారు. చరిత్ర ఆయన వైపు పూర్తిగా లేదు.

1930లలో తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు ఇచ్చిన జవాబు ఉపన్యాసం కాదు, అచ్చుపుస్తకం. 1926లో మొదలైన గోలకొండ పత్రికను ఆసరా చేసుకొని, ఊరూరికీ కబురు పంపి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు తన ఉనికిని చాటుకోవడానికి అచ్చుయంత్రం ఆయుధమైంది. అయితే ఆ సంచికకు కూడా ఒక కంచె ఉన్నది. కవి అంటే పద్యం రాయగలవాడు. నాటువేస్తూ పాడే ఆడది కవుల లెక్కలోకి రాలేదు. ఇది ప్రతాపరెడ్డిగారి లోపమని కాదు. ప్రతి సాధనమూ కొందరిని లోపలికి రానిస్తూ, అదే వాకిట్లో కొందరిని నిలిపివేస్తుందని చెప్పడానికి ఇది దృష్టాంతం.

ఇక ఈ ఆవరణ సంగతి. ఉస్మానియా 1918లో ఏర్పడింది. ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో ఇచ్చి, ఒక దేశభాష విజ్ఞానశాస్త్రాలను మోయగలదని నిరూపించిన విశ్వవిద్యాలయం ఇది. 1938 చివరలో ఇక్కడి హాస్టళ్ళలో విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడకూడదన్నారు. వారు మానలేదు. వందలాది విద్యార్థులను బయటకు పంపారు. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తిచేసుకొన్నారు. ఆ పాటను మోయడానికి అప్పుడు మైకు లేదు, రేడియో లేదు. హైదరాబాదులో రేడియో 1935 నుంచే ఉన్నా, అది ప్రభువుల చేతిలో ఉన్నది. ప్రభువుకు రేడియో, ప్రజకు గొంతు - అప్పటి విభజన ఇంత స్పష్టంగా ఉండేది. 1948 సెప్టెంబరు 17న నిజాము తన లొంగుబాటును అదే రేడియోలో చదువవలసి వచ్చింది. 1950లో ఆ రేడియో ఆకాశవాణిలో కలిసింది.

ఆ మధ్యకాలంలో పల్లెల్లో నడిచిన కళాసాధనాలేవి? 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటం తన పాటలను బతుకమ్మ ఉయ్యాలనుంచి, గొల్లసుద్దులనుంచి, యక్షగానాలనుంచి తెచ్చుకొన్నది. కోస్తాలో ప్రజానాట్యమండలి బుర్రకథను మళ్ళీ కట్టింది. షేక్ నాజర్ గొంతులో ఆ కళారూపం రైతుసభలకు నిండుదనం తెచ్చింది. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన "మా భూమి" నాటకం నిషేధానికి గురైంది. నాటకాన్ని నిషేధించడమంటే దాని శక్తిని ప్రభుత్వం తానుగా ఒప్పుకోవడమే కదా.

బుర్రకథ నిర్మాణాన్ని ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. నడుమ కథకుడు తంబురా పట్టుకొని ఉంటాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు. రెండోవాణ్ణి రాజకీయం అంటారు, అతడు కథలోని సంగతిని ఇవాళ్టి ఊరికి అన్వయిస్తాడు. కథకుడు ఎంత ఆవేశపడినా, ప్రతి కొన్ని మాటలకూ ఆగి, వంత అడిగే ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. అంటే ఆ కళారూపంలోనే బదులు పలికే మనిషికి స్థానం ఉన్నది. నాట్లపాటలోనూ అంతే, ముందు పాడే ఆమె ఒక చరణం తప్పిస్తే వెనుకనున్నవాళ్ళు నవ్వి సరిచేస్తారు. ఈ బదులు పలికే స్థానాన్ని మనం కొలబద్దగా తీసుకొంటే, ఏ సాధనం కళకు ఏమి చేసిందో తూచడం సులువవుతుంది. ఎవరు పాడగలరు? ఎవరు వినగలరు? విన్నవాడు మళ్ళీ పలకగలడా? నా పరిశీలన అంతా ఈ మూడు ప్రశ్నలమీద నడుస్తున్నది.

3

ఈ కొలబద్దతో చూస్తే సినిమా మొదటి ప్రశ్నలో చాలా సంకుచితం, రెండో ప్రశ్నలో చాలా విశాలం, మూడో ప్రశ్నలో దాదాపు మూగ. అయినా మనవాళ్ళు దానికి దూరంగా ఉండలేదు, ఉండకూడదు కూడా. 1938 నాటి "మాలపిల్ల"కు మాటలు రాసింది తాపీ ధర్మారావుగారే. ప్రజానాట్యమండలి నిర్మాత గరికపాటి రాజారావు 1953లో "పుట్టిల్లు" తీశారు. మహాకవి శ్రీశ్రీ జీవితంలో చాలాభాగం సినిమాపాటలూ, డబ్బింగు మాటలూ రాసి బ్రతికారు. కవిత్వంతో అన్నం దొరకని దేశంలో కవికి వెండితెర జీతం ఇచ్చింది. ఆ జీతానికి బదులుగా ఏమి పుచ్చుకొన్నది అన్నదే విచారించవలసిన విషయం.

దీనికి ఒకే కుటుంబంలో రెండు తరాల ఉదాహరణ దొరుకుతున్నది. సుద్దాల హనుమంతు పోరాటకాలపు కవి, గాయకుడు. పశువులు కాసే జీతగాడైన పసివాణ్ణిగురించి ఆయన కట్టిన పాట సంఘం సభలలో పెరిగింది. 1980లో విడుదలైన "మా భూమి" చిత్రంలోకి ఆ పాట వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడు దర్శకుడుగా, బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మాతలుగా వచ్చిన చిత్రం అది. యాదగిరి కట్టిన పోరాటగీతాన్ని గద్దర్ అందులో తెరమీదనే పాడారు. ఇక్కడ సినిమా పాటను దొంగిలించలేదు; పదిలపరచింది. ముప్పై ఏళ్ళపాటు కొన్ని జిల్లాల జ్ఞాపకంలో మిగిలిన పాట రాష్ట్రమంతటికీ తెలిసింది. నా తరంవారు, నేనుకూడా, ఆ పాటలను మొదట విన్నది ఆ చిత్రం ద్వారానే.

హనుమంతుగారి కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీకవి. "ఠాగూర్" చిత్రంలో, శ్రీశ్రీ మాటను ఎత్తుగడగా తీసుకొని ఆయన రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. 2022లో వచ్చిన "ఆర్.ఆర్.ఆర్." చిత్రంలో కొమురం భీమ్ పేరుతో సాగే పాట కూడా ఆయనదే. ఆ పాట విన్నప్పుడు నా తరగతిలో కన్నీరు పెట్టినవారున్నారు. ఆ కన్నీటిని తక్కువచేసి మాట్లాడడం నాకిష్టం లేదు. రచనలో శక్తి ఉన్నది, తండ్రి బాణీ ఉన్నది. కాని ఆ చిత్రంలో భీమ్ ఒంటరి వీరుడు. 1940లో జోడేఘాట్ కొండల్లో చనిపోయిన భీమ్ వెనుక గోండు గూడేలున్నాయి, పోడు భూములున్నాయి, అటవీ అధికారుల పన్నులున్నాయి. అవి తెరమీదికి రాలేదు. తండ్రి పాటలో జీతగాడు ఒక వర్గం. కొడుకు పాట చేరిన చిత్రంలో వీరుడు ఒక వ్యక్తి. ఈ మార్పు కవి హృదయంలో వచ్చింది కాదు. వందల కోట్ల పెట్టుబడి తిరిగి రావాలంటే వీరుడు ఒక్కడే ఉండాలి. పోస్టరుమీద గూడెమంతా పట్టదు.

ఈ ఆవరణలోనే దీనికి మరో నిదర్శనం ఉన్నది. భౌతికశాస్త్ర విద్యార్థి జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఇక్కడ హత్యచేశారు. ఆ తర్వాత నాలుగైదు దశాబ్దాలు ఆయన గోడమీది రాతగా, కరపత్రంగా, ఏటేటా జరిగే సంస్మరణ సభగా బతికాడు. 2019లో ఆయన పేరుతో సినిమా వచ్చింది. ఆ సినిమా చూసి ఆయన పేరు మొదటిసారి విన్న విద్యార్థులు నాకు తెలుసు. అందులో కొందరు ఆయన ఏమి చదివాడు, ఏమి ఆలోచించాడు అని గ్రంథాలయానికి వెళ్ళారు. అది లాభమే. కాని ఎక్కువమందికి మిగిలింది కొట్లాట దృశ్యాలే. అధ్యయన బృందంలో అర్ధరాత్రిదాకా జరిగే చర్చను తెరమీద చూపడం కష్టమే. కష్టమైన దానిని వదిలి సులువైనదాన్ని తీసుకోవడం వ్యాపారకళ స్వభావం.

4

టెలివిజన్ విషయంలో నేను విన్నది కాదు, చూసింది చెబుతాను. 2009 నవంబరు 29 నుంచి డిసెంబరు 9 వరకు, ఆ తర్వాత 2010 అంతా, నేను ఈ ఆవరణలో ఎం.ఏ. విద్యార్థిని. ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు టెలివిజన్ వ్యానులు వరసగా నిలబడి ఉండేవి. 1977 అక్టోబరులో హైదరాబాదులో దూరదర్శన్ మొదలైనప్పుడు ఉన్నది ఒకే కెమెరా కన్ను, అది ప్రభుత్వానిది. 2009 నాటికి కళ్ళు చాలా ఉన్నాయి; వాటి వెనుక యజమానులు ఉన్నారు.

ఆ కెమెరాలు లేకపోతే హాస్టళ్ళలో పోలీసు లాఠీలు ఏమి చేశాయో మా తల్లిదండ్రులకు తెలిసేది కాదు. ఇది మరచిపోకూడదు. ఆదిలాబాదులో పిల్లవాడికీ, పాలమూరులో పిల్లవాడికీ ఒకే సాయంత్రం ఒకే పాట వినిపించిన ఘనత కూడా ఆ సాధనానిదే. 2000ల మొదటి సంవత్సరాలలో పుట్టిన ధూంధాం సభలలో పాడిన పాటలు, అందెశ్రీ, గోరటి వెంకన్న, గద్దర్ల గీతాలు ఇంటింటికీ చేరాయి.

కాని మెట్లమీద ఉన్న మాకు ఇంకొకటి కూడా తెలుస్తుండేది. కెమెరా వెలగగానే నినాదం పొడుగు తగ్గేది. ఒకసారి పాట మధ్యలో ఉండగా ఒక విలేఖరి వచ్చి, సమయం లేదు, ఆ చివరి చరణం మాత్రం ఇంకోసారి గట్టిగా అనండి అన్నాడు. మేము అన్నాము. సాయంత్రం అదే ప్రసారమైంది. రాత్రి మెస్సు ముందు కూర్చొని, మీడియా వెళ్ళిపోయిన తర్వాత, ఒకరొక చరణం వేస్తే ఇంకొకరు అందుకొని కట్టుకొన్న పాటలు వేరే ఉన్నాయి. వాటిలో నీళ్ళ లెక్క ఉన్నది, ఉద్యోగాల లెక్క ఉన్నది, మాలో మాకున్న కులం తగాదా ఉన్నది, వార్డెనుమీద ఎగతాళి ఉన్నది. అవి ప్రసారం కాలేదు. ప్రసారానికి కావలసింది ఆవేశం, లెక్కలు కాదు.

2010 ఫిబ్రవరిలో, చలో అసెంబ్లీ రోజున, ఎన్.సి.సి. గేటు దగ్గర ఒక యువకుడు ప్రాణం తీసుకొన్నాడు. అక్కడ కెమెరాలు ఉన్నాయి. ఆ దృశ్యం ఇళ్ళలోకి వెళ్ళింది. దీనిగురించి ఎక్కువ రాయడం నాకు సాధ్యం కాదు. ఒక్కమాట మాత్రం చెబుతాను. పాటకు బదులు పలకవచ్చు, ఉపన్యాసానికి బదులు పలకవచ్చు. మరణ దృశ్యానికి ఎవరూ బదులు పలకలేరు. ఆ కుర్రవాడు బ్రతికి మాట్లాడిన మాటలకు తెరమీద చోటు దొరికి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

2014లో రాష్ట్రం వచ్చింది. ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి అన్న సంస్థను నెలకొల్పి, ఉద్యమంలో పాడిన వందలాది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. కళాకారుని ఆకలి తీరడాన్ని తప్పుపట్టే హక్కు నెలజీతం తీసుకొనే నాకు లేదు. కాని జీతంతో పాటు పాట విషయం కూడా మారింది. ప్రశ్న అడిగిన దరువే పథకాల ప్రచారానికి వాడుకైంది. పదేళ్ళకుపైగా ఏ ఉత్తర్వూ లేకుండా జనం నోట బతికిన అందెశ్రీ గీతం 2024లో అధికారిక రాష్ట్రగీతమైంది. 2023 ఆగస్టులో గద్దర్, 2025 నవంబరులో అందెశ్రీ కన్నుమూశారు. బదులు పలికే ప్రభుత్వం ఉన్నదా అని అడగవలసిన బాధ్యత ఇప్పుడు చిన్నవాళ్ళమీద పడింది.

5

ఇంతవరకు చెప్పినదాన్ని సిద్ధాంతంతో సరిచూసుకోవలసి ఉన్నది. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 1932లోనే రేడియోగురించి ఒక సూచన చేశాడు. రేడియో ఒకవైపునుంచి పంచిపెట్టే యంత్రంగా ఉన్నది. దాన్ని వినేవాడు కూడా మాట్లాడగల యంత్రంగా మార్చాలి అని దాని సారాంశం. వాల్టర్ బెన్యమిన్ 1936లో, యంత్రం కళాఖండాన్ని పదేపదే ముద్రించడంవల్ల దాని చుట్టూ ఉన్న పూజాభావం పోయి, అది ప్రజల రాజకీయానికి దగ్గరవుతుందని ఆశపడ్డాడు. అడోర్నో, హార్క్‌హైమర్ 1944లో అమెరికా ప్రవాసంలో ఉండి, సినిమా, రేడియో కలిసి సంస్కృతిని కర్మాగారపు సరుకుగా మార్చాయని రాశారు. ఈ మూడు అభిప్రాయాలలో ఏది సరి? మన అనుభవం మూడింటికీ కొంత సాక్ష్యం ఇస్తున్నది. "మా భూమి" చిత్రం బెన్యమిన్ ఆశకు సాక్ష్యం. ఒంటరి వీరుల చిత్రాలు అడోర్నో నిరాశకు సాక్ష్యం.

బ్రెహ్ట్ కోరికకు అందరికంటే దగ్గరగా వచ్చిన సాధనం, నా దృష్టిలో, క్యాసెట్టు. పీటర్ మాన్యుయెల్ అనే సంగీత పరిశోధకుడు 1993లో ఉత్తర భారతంలోని క్యాసెట్టు సంస్కృతిమీద గ్రంథం రాశాడు. పెద్ద గ్రామఫోను కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఆ చవక యంత్రం ఎలా పగలగొట్టిందో అందులో చూపాడు. అదే యంత్రం మతవిద్వేషాన్ని కూడా ఎలా మోసిందో దాచలేదు. మన దగ్గర జననాట్యమండలి పాటలు చేతినుంచి చేతికి క్యాసెట్లలోనే తిరిగాయి. విన్న యంత్రంలోనే మళ్ళీ పాడి ముద్రించుకోవచ్చు. నకలు తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. నాణ్యత తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ.

ఫోను వచ్చేసరికి బ్రెహ్ట్ కల పూర్తిగా నెరవేరిందని మా సహోద్యోగి ఒకరు అంటారు. "ఇప్పుడు ఎవరైనా పాడవచ్చు, ఎవరైనా వినవచ్చు, కింద ఎవరైనా బదులు రాయవచ్చు, మీ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరికింది గదా" అని ఆయన వాదం. ఇది కొట్టిపారవేయదగిన వాదం కాదు. ఊళ్ళో డప్పు పట్టుకోనివ్వని పిల్లలు ఇవాళ తమ పాటను తామే ప్రపంచానికి వినిపిస్తున్నారు. మధ్యవర్తి అనుమతి లేకుండా కులం గోడలను దాటి పోతున్న గొంతులున్నాయి. అయితే నాలుగో ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది: పాటను ఎవరి ముందు పెట్టాలో, ఎవరి ముందునుంచి తీసివేయాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ నిర్ణయం సముద్రాల అవతల ఒక కంపెనీ లెక్కలో జరుగుతున్నది. ఆ లెక్క మనకు చూపరు. మా విద్యార్థి అవ్వ గొంతు ఆగిపోయింది అక్కడే. మాట్లాడే హక్కు అందరికీ ఉన్నది, తీగ మాత్రం ఒకరి చేతిలో ఉన్నది. నిజాము రేడియో కాలంలో ఆ చేయి ఎవరిదో అందరికీ కనబడేది, ఇప్పుడది కనబడదు. ఆనాటికీ ఈనాటికీ ప్రధానమైన భేదం ఇదేనని నేననుకొంటాను.

6

విమర్శ ఇక్కడ ఆగితే అది నిట్టూర్పు మాత్రమే అవుతుంది. మన సంఘం శాఖలూ, కళాశాల తెలుగు శాఖలూ చేయగల పనులు కొన్ని ఉన్నాయి. పెద్ద ధనం అవసరం లేదు.

మొదటిది: పాటను సేకరించేటప్పుడు పాడినవారి పేరు, ఊరు, పాడిన పని, తేదీ వారి అనుమతితో రాసిపెట్టాలి. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యంమీద ఈ ఉస్మానియాలోనే పరిశోధన చేసి దారి చూపారు. ఆ దారిలో ఇప్పుడు కొత్త అవసరం కూడా చేరింది. తేదీతో, పేరుతో ఉన్న ముద్రణ రేపు ఎవరైనా పాటకు కంచె వేయబోతే సాక్ష్యంగా నిలుస్తుంది.

రెండోది: ఆ ముద్రణల నకళ్ళు కంపెనీ యంత్రాలలో మాత్రమే కాక, కళాశాల గ్రంథాలయంలో, పాడినవారి ఇంట్లో ఉండాలి. ఇది ఉమ్మడి పాట, ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరూ సొంతం చేసుకోరాదు అన్న మాట ప్రతి నకలుమీదా ఉండాలి.

మూడోది: కాపీరైటు చట్టంలో సమూహానికి చోటు కావాలని రచయితల సంఘాలు అడగాలి. 2012లో సినీకవులు సంఘటితంగా అడిగారు కాబట్టే వారికి వాటా వచ్చింది. నాట్లేసే ఆడవాళ్ళకు సంఘం లేదు. వారి తరఫున అడగవలసింది వారి పాటలమీద పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే మనమే.

నాలుగోది, నా దృష్టిలో ముఖ్యమైనది: పాట విన్నవాళ్ళు మళ్ళీ పలికే చోట్లు మన చేతుల్లో ఉండాలి. హాస్టలు మెస్సు ముందు కూర్చొనే ఆ రాత్రులవంటివి. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కెమెరా లేని సాయంత్రాలు కూడా ఉన్నాయి.

మా తరగతిలో ఒక దస్తరం మొదలుపెట్టాం. ఇంతవరకు అందులో తక్కువ పాటలే చేరాయి. ఒక్కొక్క పాటకూ ఒక పేజీ. ఎడమవైపు పాట, కుడివైపు పాడినవారి మాట. అవ్వ పాట మొదటి పేజీలో ఉన్నది. రాసిందెవరు అన్న గడిలో ఏమి రాయాలని చాలాసేపు వాదించుకొన్నారు విద్యార్థులు. కొందరు అవ్వ పేరు రాయాలన్నారు. మనవడు మాత్రం అవ్వ మాటే ఉండాలని పట్టుబట్టాడు. చివరికి పాడినవారి గడిలో ఆమె పేరు, రాసినవారి గడిలో "నాటేసేటోళ్లందరు" అని రాశారు. ఈ రెండో గడిని గుర్తించే చట్టం ఇంకా రావలసి ఉన్నది.